ఆ కొండ పూలకు ఎవరి పేర్లు?

కెన్యా పర్వతం మీద పన్నెండు వేల అడుగుల ఎత్తు దాటాక లొబీలియా టెలెకీ అనే మొక్క కనిపిస్తుంది. నేలకు ఆనుకుని గుండ్రంగా, వరసలు వరసలుగా పరుచుకున్న ఆకులు. ఏళ్ళ తరబడి అంతే. దశాబ్దాలు గడిచాక ఒక్కసారి ఆ ఆకుల మధ్యలోంచి మనిషి ఎత్తును మించిన పూలకంకి లేస్తుంది. నీలిరంగు చిన్న పూలు, వాటిని పూర్తిగా కప్పేస్తూ పొడవాటి నూగు. ఫొటోల్లో చూస్తే బొంత కప్పుకుని పొద్దున్నే వాకిట్లో నిలబడ్డ ముసలామెలా ఉంటుంది. పూసి, గింజ రాల్చి, మొక్క మొత్తం చచ్చిపోతుంది.

టెలెకీ ఎవరు? హంగరీ జమీందారు, కౌంట్ సామ్యుయెల్ టెలెకీ. వేట సరదాతో, కొత్త ప్రాంతాలు చూడాలన్న ఉత్సాహంతో వందలమంది కూలీలను వెంటేసుకుని తూర్పు ఆఫ్రికాకు వచ్చి 1887లో ఈ కొండను నైరుతి వైపు నుంచి దాదాపు 4,300 మీటర్ల దాకా ఎక్కి దిగిపోయాడు. ఆ కాస్త పరిచయానికి ఒక మొక్క జాతి మొత్తానికి ఆయన పేరు స్థిరపడింది. ఈ కొండ మీద రాళ్ళ సందుల్లో కుందేలంత జంతువొకటి ఉంటుంది, హైరాక్స్. తోక ఉండదు, చూడ్డానికి ఎలుక, చుట్టరికం మాత్రం ఏనుగుతో. దాని పేరులో మాకిండర్ ఉన్నాడు. అక్కడి పెద్ద గుడ్లగూబ పేరులోనూ ఆయనే ఉన్నాడు. హాల్ఫర్డ్ మాకిండర్ 1899 సెప్టెంబర్‌లో ఇద్దరు ఆల్ప్స్ గైడ్లతో కలిసి ఈ పర్వతపు అత్యున్నత శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇంగ్లీషు భూగోళవేత్త. ఆ యాత్రలో చనిపోయిన కూలీల గురించి, వాళ్ళ చావుల్లో యాత్ర నడిపినవాళ్ళ బాధ్యత ఎంత అన్నదాని గురించి చరిత్రకారులు చాలా ఆలస్యంగా ప్రశ్నలు వేశారు. వాళ్ళ పేర్లు ఏ పక్షికీ పెట్టలేదు. శిఖరాలు మూడింటికీ, బాతియాన్ (5,199 మీటర్లు), నేలియాన్ (5,188), లెనానా (4,985), మాసాయి మతగురువుల పేర్లు పెట్టారు. అవి ఆఫ్రికన్ పేర్లే కదా అని సంతోషించబోతాం. కానీ పెట్టింది మాకిండరే. మూడూ మగ పేర్లే.

నా చదువు సాహిత్యం. వృక్షశాస్త్రం నాకు రాదు, ఆ కొండను నేను చూడనూ లేదు. స్త్రీల ఆత్మకథల మీద పనిచేస్తూ వంగారి మాథాయ్ 'అన్‌బౌడ్' (2006) చదివాను. అందులో కొండ ఊరికే దృశ్యంగా ఉండదు, అదొక దిక్కు. ఇంటి గుమ్మం ఎటు పెట్టాలో అది చెబుతుంది. ఆ తర్వాత మాకిండర్లూ టెలెకీల రాతలకు వెళ్తే అదే కొండ ఎక్కడానికీ కొలవడానికీ పేరు పెట్టడానికీ ఉన్న వస్తువు. ఈ రెంటికీ మధ్య దూరం ఎంతో, ఆ దూరంలో ఎవరెవరు ఉండిపోయారో తెలుసుకోవాలనిపించింది. ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

కొండ పేరే ఒక గందరగోళం. గికుయులు కిరిన్యాగా అంటారు. 1849 డిసెంబర్‌లో కంబాల దేశమైన కిటుయి నుంచి దాన్ని చూసిన జర్మన్ మిషనరీ యోహాన్ లుడ్విగ్ క్రాఫ్ కంబాల ఉచ్చారణను విని రాసుకున్నది తిరిగి తిరిగి 'కెన్యా' అయింది. ఆ పేరే దేశానికీ వచ్చింది. భూమధ్యరేఖ మీద మంచేమిటని లండన్ పండితులు ఆయన్ని నమ్మలేదు. క్రాఫ్ పేరు చరిత్ర పుస్తకాలన్నింట్లో ఉంటుంది. ఆయన భార్య రోసీన్ 1844లో ప్రసవమైన కొద్ది రోజులకే మొంబాసాలో చనిపోయిందనీ, పుట్టిన ఆడపిల్లా దక్కలేదనీ చెప్పేవి తక్కువ. అన్వేషణ చరిత్రలో స్త్రీలకు దొరికే చోటు చాలాసార్లు సమాధి రాయి.

ఇక గికుయుల కథ. ఎన్గాయ్ దేవుడు కిరిన్యాగా మీద ఉంటాడు. మొదటి మగవాడు గికుయుకు అక్కణ్ణించి దేశమంతా చూపించి, అత్తిచెట్ల తోపు ఉన్నచోట ఇల్లు కట్టుకోమన్నాడు. అక్కడ అతనికి ముంబి కనిపించింది. వాళ్ళకు తొమ్మిదిమంది ఆడపిల్లలు. నిజానికి పదిమంది. మనుషుల్ని ఖచ్చితంగా లెక్కపెట్టడం మంచిది కాదని 'నిండు తొమ్మిది' అంటారు. వాంజిరు, వాంబుయి, వాంగారి, న్యాంబురా ఇలా ఆ కూతుళ్ళ పేర్లమీదే గికుయు వంశాలు ఏర్పడ్డాయి. జోమో కెన్యాట్టా తన 1938 నాటి 'ఫేసింగ్ మౌంట్ కెన్యా'లో తర్వాతి కథ కూడా చెప్పాడు. ఆడవాళ్ళ పాలన కఠినంగా ఉందని మగవాళ్ళంతా కుట్ర పన్ని, ఒకే సమయంలో ఆడవాళ్ళందరికీ గర్భాలు చేసి, వాళ్ళు కదలలేని నెలల్లో అధికారం లాక్కున్నారట. జాతి పేరు ముంబి నుంచి గికుయుకు మార్చారు. వంశాల పేర్లు కూడా మార్చబోతే, అలా చేస్తే ఇక పిల్లల్ని కనమని ఆడవాళ్ళు ఎదురుతిరిగారు. అందుకని ఆ పేర్లు మిగిలాయి. కెన్యాట్టా దీన్ని మగ పెద్దమనిషి కులాసాతోనే చెబుతాడు. అదే పుస్తకంలో ఆడపిల్లల సున్తీని జాతి సంస్కృతిగా సమర్థించాడు కూడా. అయినా ఆ పురాణంలో ఒక సంగతి దాగలేదు. పేరు పెట్టడం అధికారం, పేరు మార్చడం అధికార మార్పిడి. ఆ సంగతి టెలెకీకి ముందే ఆ కొండ కింద ఆడవాళ్ళకు తెలుసు.

కొండ స్వరూపం కొంచెం చెప్పాలి. కింద పొలాలు. ఆ పైన దేవదారు జాతి చెట్లు, పోడోకార్పస్, దక్షిణ తూర్పు తడి వాలుల్లో కర్పూరపు వాసన వేసే ఒకోటియా మహావృక్షాలు. ఇంకా పైన వెదురు. వెదురు దాటాక నాచు వేలాడే హాజీనియా చెట్లు, తర్వాత ఎరికా పొదలు, గడ్డి దుబ్బులు, చిత్తడి నేలలు. ఆ పైన లొబీలియాలు, డెండ్రోసెనీసియోలు, ఆఖరున రాయీ మంచూ. అడవిలో ఏనుగులు, అడవిదున్నలు, చిరుతలు, నల్లటి ఒంటి మీద తెల్లటి జూలున్న కొలోబస్ కోతులు. వెదురు నీడల్లో బొంగో ఉంటుంది. ఇటుకరంగు ఒళ్ళు, సన్నటి తెల్ల చారలు, మెలి తిరిగిన కొమ్ములు. మగదానికీ ఆడదానికీ ఇద్దరికీ కొమ్ములుండే అడవి జింక. ఈ పర్వత బొంగోలు ఇప్పుడు అడవుల్లో వందకు లోపే మిగిలాయని అంచనా. బోనుల్లో పెంచినవాటి సంతతిని అడవికి అలవాటు చెయ్యడానికి 2022లో కొండ పాదంలో మావింగు అనే చోటు ప్రత్యేకించారు.

పైన బతకడం సులువు కాదు. రోజూ పగలు వేసవి, రోజూ రాత్రి శీతాకాలం అని స్వీడన్ వృక్షశాస్త్రవేత్త ఓలోవ్ హెడ్‌బెర్గ్ ఈ వాతావరణాన్ని వర్ణించాడు. రాత్రి నీళ్ళు గడ్డకడతాయి, మధ్యాహ్నం ఎండ ఒళ్ళు కాలుస్తుంది. అందుకు ఒక్కో మొక్కదీ ఒక్కో ఏర్పాటు. డెండ్రోసెనీసియో చెట్టు ఎండిన ఆకుల్ని రాల్చదు. మొదలుచుట్టూ పొరలు పొరలుగా అట్టిపెట్టుకుంటుంది, రగ్గు చుట్టుకున్నట్టు. అవి తీసేస్తే చలికి చెట్టు దెబ్బతింటుంది. పాతకాలపు యాత్రికులు నెగళ్ళకు ఈ చెట్లనే కొట్టారు. లొబీలియా తన ఆకుల దొన్నెలో నీళ్ళు పట్టి ఉంచుకుంటుంది. రాత్రి పైపైన మంచు కడుతుంది, అడుగున నీరు నీరుగానే ఉండి నడిమి మొగ్గను కాపాడుతుంది. ఎర్రటి కుచ్చులున్న ఆకుపచ్చ తేనెపిట్టలు ఆ కంకుల చుట్టూ తిరుగుతూ తేనె తాగుతాయి, పుప్పొడి మోస్తాయి.

రెండు లొబీలియాలున్నాయి. టెలెకీ పొడి వాలుల్లో పెరిగి ఒక్కసారి పూసి చస్తుంది. కెనియెన్సిస్ తడి లోయల్లో ఉంటుంది. నేలకింద ఒకే మొదలు, పైన చాలా గుచ్ఛాలు. పూసిన గుచ్ఛం చనిపోయినా మిగిలినవి బతికుంటాయి, మళ్ళీ ఎప్పుడో పూస్తాయి. 1980ల్లో ట్రూమన్ యంగ్ అనే శాస్త్రవేత్త ఈ తేడాకు కారణం వెతికాడు. నీళ్ళు తక్కువైన చోట ఒక పూతకూ ఇంకో పూతకూ మధ్య ఎడం ఎక్కువవుతుంది. రెండోసారి పూసేదాకా బతికే అవకాశం తక్కువ. అలాంటిచోట ఉన్నదంతా ఒకేసారి పెట్టేసి ఎక్కువ గింజలు వెయ్యడం లాభసాటి. ఇది లెక్క, అంతే. ఒక్కసారి పూసి చచ్చిపోయే మొక్క అనగానే దాన్ని తల్లి త్యాగానికి ఉపమానం చెయ్యాలని మన కవులకు చెయ్యి దురద పుడుతుంది. దయచేసి వద్దు. ఆ మొక్క ఎవరికోసమూ చావడంలేదు. అది ఉన్న నేలలో నీళ్ళు తక్కువ.

ఆ నీళ్ళ సంగతి కింద ఉన్నవాళ్ళకు బాగా తెలుసు. కెన్యాలోకెల్లా పెద్దదైన తానా నది నీళ్ళు ఈ కొండా, పక్కనున్న అబర్డేర్ శ్రేణీ ఇస్తాయి. అబర్డేర్‌ను గికుయులు న్యాందారువా అంటారు. 1940లో న్యేరి దగ్గర ఇహితే అనే ఊళ్ళో పుట్టిన వంగారి మాథాయ్ తన ఇంటి దగ్గరి ముగుమో చెట్టు గురించి రాసింది. ముగుమో అంటే అత్తి. మన మర్రి, రావి, మేడి, జువ్వి అన్నింటికీ దగ్గరి చుట్టం. పుల్లలేరడానికి వెళ్ళే పిల్లకు తల్లి చెప్పింది: ఆ చెట్టు పుల్ల ముట్టుకోకు, అది దేవుడి చెట్టు. ఆ చెట్టు పక్కనే ఒక ఊట. అందులో కప్పగుడ్లను పూసలనుకుని మెళ్ళో వేసుకోవాలని ప్రయత్నించిన పిల్ల. ఒడ్డున చేమ మొక్కలు. వంగారి అంటే చిరుతకు చెందినది అని అర్థం కాబట్టి చిరుత ఎదురైతే భయపడక్కర్లేదని కూడా తల్లి చెప్పిందట. అమెరికాలో చదువుకుని 1966లో తిరిగొచ్చాక చూస్తే ఆ చెట్టు లేదు. భూమి చేతులు మారింది, కొత్త యజమాని దాన్ని కొట్టించి తేయాకు వేశాడు. ఊట ఎండిపోయింది. ముగుమో వేళ్ళు లోతుకు దిగి రాతిపొరల్ని చీల్చుకుపోతాయి, ఆ దారిన భూగర్భజలం పైకొస్తుంది. ఈ శాస్త్రం ఆమెకు తర్వాత తెలిసింది. తల్లికి నిషేధం తెలుసు. రెండూ ఒకే జ్ఞానం అనడానికి నేను సిద్ధంగా లేను. కానీ మొదటిదాన్ని మూఢనమ్మకమని కొట్టెయ్యగానే రెండోది పనికిరాకుండా పోయిందన్నది నిజం.

ఇదే తీరు న్జాహిది కూడా. గికుయు ఆడవాళ్ళు పండించే నల్ల చిక్కుడు గింజ. మనం అనుములనో చిక్కుళ్ళనో పిలిచే లాబ్‌లాబ్ జాతే. బాలింతలకు తప్పకుండా పెట్టేది. దేవుడుండే కొండల్లో ఒకదాని పేరే న్జాహి కొండ. వలసపాలనలో ఎగుమతికి పనికొచ్చే వేరే చిక్కుడు రకాలను ప్రోత్సహించడంతో న్జాహి వెనక్కి పోయిందనీ, దానితోపాటే ఆడవాళ్ళ విత్తన అధికారం తగ్గిందనీ క్లేర్ రాబర్ట్‌సన్ 'ట్రబుల్ షోడ్ ద వే' (1997)లో వివరంగా చూపించింది. ఉద్యానవనాల చరిత్రల్లో లొబీలియాకు పేజీలుంటాయి, న్జాహికి ఉండవు. అది అడవి మొక్క కాదు కదా అంటారు. కానీ అడవికీ పొలానికీ మధ్య గీత గీసిందెవరు?

గీసింది 1932లో. కొండ చుట్టూ అడవిని రిజర్వు చేశారు. 1949లో పైభాగాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. సుమారుగా 3,200 మీటర్లకు పైనున్న నేల, 715 చదరపు కిలోమీటర్లు. అంటే మంచు, లొబీలియాలు, పర్వతారోహణ తెల్లవాళ్ళ వినోదానికీ విజ్ఞానానికీ. కింద అడవి కలప శాఖకు. ఇంకా కింద భూమి చాలక ఇరుక్కుంటున్న జనం. మూడేళ్ళకే 1952లో ఎమర్జెన్సీ వచ్చింది. మౌ మౌ యోధులు ఈ కొండ అడవుల్లోకీ న్యాందారువా అడవుల్లోకీ వెళ్ళారు. బ్రిటిష్ విమానాలు ఆ అడవుల మీద బాంబులు వేశాయి. యోధులకంటే ఏనుగులూ దున్నలూ ఎక్కువ గాయపడ్డాయనిపిస్తుంది. వన్యప్రాణి సంరక్షణకని కంచె వేసిన చోటే.

అప్పుడు తవ్వారు కందకం. కొండ అడవి అంచున, ఊళ్ళకూ అడవికీ మధ్య సుమారు 50 మైళ్ళ పొడవున. లోపల సూదిగా చెక్కిన వెదురు బొంగులు పాతారు. అన్నం, కబుర్లు అడవిలోకి పోకుండా. మగవాళ్ళు నిర్బంధ శిబిరాల్లో ఉన్నారు. తవ్విన చేతుల్లో ఎక్కువ ఆడవాళ్ళవి. ఇళ్ళు తగలబెట్టి పది లక్షలమందికి పైగా గికుయులను 1954 నుంచి కాపలా ఊళ్ళలోకి తోలారు. కొన్నిచోట్ల రోజుకు 23 గంటల కర్ఫ్యూ. పొలం లేదు, పొయ్యిలోకి పుల్ల లేదు, చంకలో పిల్ల, చేతిలో పార. కరొలైన్ ఎల్కిన్స్ 2005లో తెచ్చిన పుస్తకంలో ఈ ఆడవాళ్ళ మౌఖిక కథనాలను సేకరించింది. లెక్కలు పెంచి చెప్పిందని విమర్శలొచ్చాయి, కొన్ని సబబైనవే. కానీ బ్రిటిష్ ప్రభుత్వం దాచిన ఫైళ్ళు 2011లో బయటపడ్డాయి. 2013లో 5,228 మందికి దాదాపు రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఒప్పుకుంది. కోర్టుకెక్కిన మొదటివాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది.

పర్వతారోహణ చరిత్రలు ఈ కాలాన్ని 'అల్లర్ల వల్ల యాత్రలు ఆగాయి' అన్నంత తేలిగ్గా దాటేస్తాయి. వాటిలో స్త్రీ కావాలంటే 1938లో బాతియాన్ ఎక్కిన ఊనా కామెరాన్ ఉంటుంది. ఆమె సాహసాన్ని తక్కువ చెయ్యను. కందకం తవ్వడం కూడా ఆ కొండతో ఆడవాళ్ళకున్న సంబంధమేనని మాత్రం అంటాను.

ఇక్కడ ఇంకో చెట్టు. న్యాందారువాలో ఒక పెద్ద అత్తిచెట్టు మీద ట్రీటాప్స్ అని గది కట్టారు, రాత్రిపూట నీటిగుంటకు వచ్చే ఏనుగుల్ని చూడ్డానికి. 1952 ఫిబ్రవరిలో యువరాణి ఎలిజబెత్ అక్కడ ఉన్న రాత్రే తండ్రి చనిపోయి ఆమె రాణి అయింది. దేవుడి చెట్టు మీద. ఆ రాత్రి ఆమెకు తోడున్నది మనకు కుమావూ పులుల కథలతో తెలిసిన జిమ్ కార్బెట్. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే ఆయనా, అక్క మ్యాగీ భారతదేశం వదిలి న్యేరి వెళ్ళి అవుట్‌స్పాన్ హోటల్ ఆవరణలోని చిన్న ఇంట్లో స్థిరపడ్డారు. రాణి, వేటగాడు, చెట్టు కథ ప్రపంచమంతా తెలుసు. 1954లో మౌ మౌ ఆ చెట్టుగదిని తగలబెట్టడం కూడా తెలుసు. కిందున్న ఊళ్ళలో ఆ చెట్టు ఎవరికి మొక్కు చెట్టో ఎవరూ అడగలేదు.

అడవిలోపల ఆడవాళ్ళూ ఉన్నారు. ముతోని వా కిరిమా ఇరవైల్లో న్యాందారువా అడవిలోకి వెళ్ళి 1963 స్వాతంత్ర్యం దాకా ఉండిపోయింది. మౌ మౌలో ఫీల్డ్ మార్షల్ హోదా పొందిన ఒకే స్త్రీ. ఆమె ఎత్తుగడల నేర్పు చూసి దళనాయకుడు డెడాన్ కిమాథి పెట్టిన ముద్దుపేరు 'థొంజొ', గిజిగాడు. కొండమీది పక్షికి మాకిండర్ పేరు, అడవిలో మనిషికి పక్షి పేరు. పేరు పెట్టే పద్ధతులు రెండు రకాలుంటాయని దీన్ని మించి ఎలా చెప్పాలో నాకు తెలీదు. తాము పోరాడిన స్వేచ్ఛ రాలేదని ఆమె అడవిలో పెరిగిన జడలు కత్తిరించుకోలేదు. 2022 ఏప్రిల్‌లో, కెన్యాట్టా భార్య మామా ఎన్గినా చేత కత్తిరింపించుకుంది. 2023లో చనిపోయింది. ఆ జడలు కట్టిన ఫొటోలకు ప్రపంచ పత్రికలు చోటిచ్చాయి. ఏ ఆకు తిన్నారు, ఏ బెరడు గాయానికి కట్టారు, ఏ పక్షి అరిస్తే శత్రువు వస్తున్నాడని అర్థం, ఆ పదకొండేళ్ళ అడవి చదువును వృక్షశాస్త్రం ఎవరూ అనలేదు. అడవి గాచిన వెన్నెల.

వృక్షచిత్రాలు అన్నారు మరొకామెవి. జాయ్ ఆడమ్సన్, 'బోర్న్ ఫ్రీ' సింహం కథతో మనకు తెలిసినావిడ. సింహాలకు ముందు ఆమె పూలు వేసేది. ఆస్ట్రియా నుంచి 1937లో వచ్చి, వృక్షశాస్త్రవేత్త పీటర్ బాలీని పెళ్ళి చేసుకుని, అతని ప్రోత్సాహంతో కెన్యా పూలను వందలకొద్దీ చిత్రించింది. 1947లో లండన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. శాస్త్రంలోకి స్త్రీలకు తెరుచుకున్న సన్నటి తలుపు అది. కనుక్కోవడం భర్తది, బొమ్మ వెయ్యడం భార్యది. వలసపాలకుల జాతి స్త్రీగా ఆమెకు డేరా, కూలీలు, తీరిక దొరికాయి. స్త్రీగా ఆమెకు దొరికింది బొమ్మ కిందో మూల సంతకం. రెండూ నిజమే. ఆమె వేసిన పూల రేకులు ఇప్పటికీ అందంగానే ఉన్నాయి. అందం మీద నాకు కోపం లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి, 1963 డిసెంబర్ 12న కిసొయ్ మున్యావో అనే యువకుడు లెనానా శిఖరం మీద కొత్త జెండా ఎగరేశాడు. కింద అడవి సరిహద్దు మారలేదు. సరుగుడూ నీలగిరీ వేస్తే మనకేం జరిగిందో అక్కడా పైన్, సైప్రస్ తోటలకు అదే జరిగింది. సహజమైన అడవి కొట్టేసి కలప చెట్లు నాటాలి. నాటడానికి కూలీ ఖర్చు తగ్గాలి. దానికి షాంబా పద్ధతి. పేద కుటుంబానికి అడవి ముక్క ఇస్తారు. మొక్కల మధ్య మూడు నాలుగేళ్ళు మొక్కజొన్నో బంగాళాదుంపో పండించుకుని, మొక్కల్ని పెంచి, నీడ కమ్మాక ఖాళీ చెయ్యాలి. మన పోడు లాంటిది కాదు. పోడులో తిరిగొచ్చేది అడవి, ఇక్కడ వచ్చేది శాఖవారి కలప. ఆ ముక్కల్లో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్ళే.

1977లో గ్రీన్‌బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు మాథాయ్ దగ్గరున్నది ఈ ఆడవాళ్ళే. చెట్లు పెంచాలంటే చదువుకున్న అటవీ అధికారులే పెంచాలన్నారు. ఆడవాళ్ళు పగిలిన కుండల్లో విత్తనాలు మొలకెత్తించారు, కోళ్ళకు అందకుండా ఎత్తున పెట్టారు. అడవిలో ఏ చెట్టు ఎప్పుడు గింజ రాలుస్తుందో కనిపెట్టి ఏరుకొచ్చారు. బతికిన మొక్కకు ఇంత అని చిన్న మొత్తం ఇచ్చేవారు. ఉద్యమం లెక్క ప్రకారం ఇప్పటికి ఐదు కోట్లకు పైగా నాటారు. 1999లో కొండ అడవుల మీద జరిగిన విమాన సర్వేలో కర్పూర వృక్షాల, దేవదారుల దొంగ నరుకుడు, బొగ్గు బట్టీలు, అడవి నడిమధ్యన గంజాయి తోటలు బయటపడ్డాయి. ఆ ఏడే నైరోబీలోని కరూరా అడవికోసం నిలబడినందుకు ఆమెకు దెబ్బలు తగిలాయి. 2004 అక్టోబర్ 8న నోబెల్ శాంతి బహుమతి కబురు ఇహితే దారిలో అందితే, న్యేరిలో ఆగి, కొండకేసి తిరిగి ఒక నందిఫ్లేమ్ మొక్క నాటింది. ఎక్కడో తెలుసా? అవుట్‌స్పాన్ హోటల్ ఆవరణలో. కార్బెట్, మ్యాగీ కాపురమున్న చోటే.

ఇక్కడిదాకా కథ మనకు నచ్చేట్టే ఉంది. తర్వాతిది మన పత్రికల్లో చెప్పరు. 2003లో పర్యావరణ శాఖ ఉపమంత్రి అయ్యాక మాథాయ్ షాంబా పద్ధతిని గట్టిగా వ్యతిరేకించింది. అడవిలో సేద్యమూ, విదేశీ కలప తోటలూ కలిసి కొండ నీటిని మింగేస్తున్నాయని ఆమె వాదన. శాస్త్రపరంగా ఆమె వైపే ఎక్కువ బలముంది. కానీ షాంబా పోతే రోడ్డున పడేది ఎవరు? భూమి పట్టా భర్త పేరునో మరిది పేరునో ఉండి, సొంత సాగుకు అడవి ముక్క తప్ప మరేమీ లేని ఆడవాళ్ళు. ఒంటరి ఆడవాళ్ళు, విధవలు. ఏ ఆడవాళ్ళ చేతుల మీదుగా ఆమె ఉద్యమం నడిచిందో అలాంటి ఆడవాళ్ళే. నోబెల్ స్త్రీమూర్తిని గోడకు తగిలించుకోవడం మనకు సులువు. ఆమెకూ ఆ ఆడవాళ్ళకూ మధ్య నిజమైన తగవు ఉందనీ, ఇద్దరి మాటల్లోనూ కొంత న్యాయం ఉందనీ ఒప్పుకోవడం కష్టం. 'స్త్రీలు ప్రకృతికి దగ్గరగా ఉంటారు' అనే సిద్ధాంతం ఈ తగవు ముందు నిలవదు. నీటికోసం అడవి కావాలన్నది స్త్రీ. తిండికోసం అడవిలో దున్నుకోవాలన్నదీ స్త్రీయే. ఎవరి పేరున ఎంత భూమి ఉందన్న ప్రశ్నను పక్కన పెట్టి ప్రకృతి గురించి మాట్లాడితే మనం కూడా టెలెకీ పక్కనే నిలబడతాం. 2005 అడవుల చట్టం కింద షాంబా ఇంకో పేరుతో, ఇంకొన్ని షరతులతో తిరిగొచ్చింది. మాథాయ్ 2011లో కన్నుమూసింది.

పైన మంచు కరుగుతోంది. లూయిస్ అనే పెద్ద హిమానీనదం 1934తో పోలిస్తే 2010 నాటికే దాదాపు తొంభై శాతం ఘనపరిమాణం పోగొట్టుకుంది. 1997లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు ఆ హిమానీనదాలను కూడా విశేషంగా చెప్పారు. లొబీలియాలు పైకి పాకుతాయా, పాకడానికి పైన మట్టి ఉందా అని ఇప్పుడు చూస్తున్నారు. ఏనుగులు ఉత్తరాన మైదానాల్లోకి పోయే పాతదారికి రహదారి అడ్డం వస్తే, 2011 నాటికి దాని కింద ప్రత్యేకంగా ఒక దారి తవ్వారు. మొదటి ఏనుగు కొద్ది రోజుల్లోనే దాటింది.

2012 నుంచి అడవి చుట్టూ కరెంటు కంచె వేస్తున్నారు. ఏనుగులు పొలాల్లో పడకుండా. ఊళ్ళవాళ్ళు చాలామంది కావాలనే అడిగారు. రాత్రంతా డబ్బాలు కొడుతూ మొక్కజొన్న కాపలా కాయడం ఎంత నరకమో కాసినవాళ్ళకు తెలుసు. కంచెకు అక్కడక్కడా గేట్లున్నాయి. పొద్దున్నే ఆడవాళ్ళు వాటిగుండా వెళ్తారు. నెలకింత అని రుసుం కట్టి, చీటీ తీసుకుని, రాలిన కట్టె మాత్రమే, ఒక్కరు మోయగలిగినంత మోపు తెచ్చుకోవచ్చు. మోపుకు కట్టిన పట్టీని నుదుటికి తగిలించుకుని, వీపు వంచి నడుస్తారు. ముగుమో కొమ్మ మోపులో ఉండదు.